మా వదిన రంగులు వేరు చేసిన రోజు

మొన్న ఆదివారం మా అమ్మాయి తన అలంకరణ సామానంతా మంచం మీద కుమ్మరించి, వాడేవి ఒక పక్క, పారేసేవి ఒక పక్క పెట్టమని నన్ను కూర్చోబెట్టింది. ఒకే ఎరుపులో ఇన్ని లిప్‌స్టిక్‌లు ఎందుకే అంటే, ఒకే ఎరుపు కాదమ్మా, సరిగ్గా చూడు అంది. చూశాను. నాకు ఒకే ఎరుపు. ఒకదాని మూత తీస్తే మైనం ముక్కిన వాసన గుప్పుమంది. ఆ వాసనతో చేతిలోది చేతిలోనే ఉండిపోయింది. ఇలా కూర్చుని రంగులు వేరు చేయడం నేను చిన్నప్పుడు ఒకసారి చూశాను. చేసింది మా వదిన. చేయించింది మా అమ్మ.

తొంభైల్లో మాకు అరకు సంత వీధిలో దుకాణం ఉండేది. మా వాళ్ళది విజయనగరం వైపు. నాన్న పోయాక ఉప్పు, పప్పు, కిరసనాయిలు అమ్మ చూసుకునేది. పక్క గదిలో గాజులూ రిబ్బన్లూ పౌడర్లూ అన్న చూసుకునేవాడు. సరుకు కోసం విశాఖపట్నం వెళ్ళినప్పుడల్లా వదినకి ఏదో ఒకటి తెచ్చేవాడు. ఓ కాంపాక్టు, ఓ గోళ్ళరంగు, కళ్ళకి గీసుకునే సన్నటి పెన్సిలు. అవన్నీ ఒక నీలం సూట్‌కేసులో పెట్టుకుని వదిన రోజూ పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చుని శ్రద్ధగా తయారయ్యేది. తయారై ఎక్కడికెళ్ళేదీ అంటే, వంటింట్లోకి. పెదాలకి రంగేసుకుని మినప్పప్పు రుబ్బే మనిషిని నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. వదిన నలుపు. ఆ మాట అమ్మ రోజూ గుర్తు చేసేది. “కాకికి పౌడరు రాత్తే కొంగయిపోద్దేటే?” అనేది. “కాకే బాగుందమ్మా,” అని అన్న దుకాణంలోంచి నవ్వేవాడు. పక్కింటి గోడ కూడా కనపడని పొగమంచులో, ఆ నవ్వు మాత్రం మా ఇంటికి ఎండలా ఉండేది.

ఒక వానాకాలం అన్న సరుకుతో వస్తున్న వ్యాను అనంతగిరి ఘాట్‌లో లోయలో పడింది. అన్న పోయాడు. వ్యానులోంచి పడ్డ రిబ్బన్లు చెట్లకి చుట్టుకుని చాలా రోజులు అలాగే ఉన్నాయని చూసినవాళ్ళు చెప్పారు.

కర్మ అయిన మర్నాడు, చుట్టాలింకా ఇంట్లో ఉండగానే, అమ్మ నీలం సూట్‌కేసు తెచ్చి చాప మీద పెట్టింది. వదిన గోడకి ఆనుకుని కూర్చుంది. నుదురు ఖాళీ, చేతులు ఖాళీ. “నీకింక ఇయెందుకు? నలుగురికీ పంచేద్దాం. ఏది ఎండిపోయిందో, ఏది బాగుందో నీకే తెలుసు. నువ్వే వేరు సెయ్,” అంది అమ్మ. అలా అనకపోయినా పంచిపెట్టవచ్చు. కానీ అమ్మకి ఊరికే తీసుకోవడంలో తృప్తి ఉండేది కాదు. ఎదుటివాళ్ళ చేతులతోనే తీయించాలి.

వదిన మొదలుపెట్టింది. ఒక్కో మూతా తీసేది, వాసన చూసేది, చేతి వెనకాల సన్నగా గీసి చూసేది. “సేతికి రాసుకుంటన్నావేటే? తుడువ్!” అని అమ్మ అరిచింది. వదిన కొంగుతో తుడుచుకుంది. మళ్ళీ గీసింది, మళ్ళీ తుడుచుకుంది. మా మేనత్త అప్పటికే అద్దం ముందు చేరింది. వదిన ఇచ్చిన గులాబీ రంగు కాంపాక్టు మొహానికి అద్దుకుని, “నాకు నప్పిందా?” అని అడిగింది. అడిగింది వదిననే. “నప్పింది పిన్నీ,” అంది వదిన. తళతళలాడే డబ్బీలన్నీ చుట్టాలకి పోయాయి. అరిగిపోయినవీ, మూత విరిగినవీ ఒక సంచిలో వేసి, మా ఇంట్లో పనిచేసే కొండ మనిషికి ఇచ్చింది అమ్మ. ఆవిడని మేమంతా అప్ప అనేవాళ్ళం. ఆవిడ ఎవరినైనా నువ్వనే పిలిచేది, మా అమ్మతో సహా. “ఇయి నన్నేటి సేసుకోమంతావు?” అని సంచిలోకి చూసింది. “పిల్లలకి పుయ్యి,” అంది అమ్మ.

వారం తిరక్కుండా మేనత్త విజయనగరం నుంచి వచ్చి పడింది. ఎవరింట్లోనో పేరంటానికి ఆ గులాబీ పౌడరు రాసుకు వెళ్ళిందట, మొహమంతా దద్దుర్లు లేచి ఎర్రటి అట్టులా అయి తిరిగొచ్చింది. మిగిలిన డబ్బీల సంగతీ అంతే. పైన మెరుపు, లోపల ముక్కిన సరుకు. అప్పుడు అమ్మకి అనుమానం వచ్చి అప్ప సంచి తెప్పించి చూసింది. విరిగిన మూతల కింద సరుకంతా తాజాది. అన్న చివరిసారి తెచ్చినవి కూడా అందులోనే ఉన్నాయి.

ఆ రోజు శుక్రవారం, సంత. వీధి నిండా కొండ ఊళ్ళ జనం, పనసకాయలు, చింతపండు, కోళ్ళు. అమ్మ వదినని జుట్టు పట్టుకుని దుకాణం ముందుకి ఈడ్చింది. లోపలికెళ్ళి పెనం తెచ్చింది. “రంగులు కావాలే నీకు? మొగుణ్ణి మింగి రంగులు దాసుకుంటావేటే?” అంటూ పెనం అడుగున ఉన్న మసి అరచేత్తో తీసి వదిన మొహానికి పులిమింది. నుదుటికి, బుగ్గలకి, పెదాలకి కూడా. తొందరేమీ లేదు. మేనత్తతో వచ్చిన చుట్టాలావిడ ఎవరో నవ్వింది. మేనత్త తన దద్దుర్లు గోక్కుంటూ చూస్తోంది. నేను గుమ్మం పట్టుకుని ఏడుస్తున్నాను. బేరాలాడుతున్న వాళ్ళు బేరాలాపారు.

వదిన మొహం తుడుచుకోలేదు. వీధి కుళాయి పక్కనుంచే నడిచింది గానీ ఆగలేదు. మసి మొహంతోనే సంత మధ్యలోంచి, ఒక్కొక్కరి కళ్ళలోకి చూసుకుంటూ, రైలు పట్టాలు దాటి అప్ప వాళ్ళ ఊరి దారి పట్టింది. జనం రెండు పక్కలకీ తప్పుకున్నారు. అప్ప మా పెరట్లో తోముతున్న బిందె అక్కడే పడేసి, సంచి తీసుకుని, వెనకే వెళ్ళింది. “అప్పా, అంట్లు!” అని అమ్మ కేకేసింది. “నువ్వే తోముకో,” అని వినిపించింది.

తర్వాత సంగతులు సంతకొచ్చిన వాళ్ళ నోట విన్నవే. ఆ నెలలోనే అప్ప కూతురి పెళ్ళి. ఆ పిల్లకి వదిన చేత్తో అలంకారం చేయించారు. మా వాళ్ళయితే మొగుడు పోయిన మనిషిని పెళ్ళిపందిరి ఛాయలకి రానివ్వరు. వాళ్ళకా పట్టింపు లేదు. అక్కడ మొగుడు పోయినవాళ్ళు మళ్ళీ మనువాడతారు కూడా. వదిన భయపడి వద్దంటే అప్ప విసుక్కుందట: “నీ మొగుడు పోతే నీ సెయ్యేటి సేసింది? బేగి రా, పెళ్ళికూతురు గుంట ఎదురు సూత్తంది.” ఆ పిల్లది వదిన రంగే. నల్లటి మొహానికి ఏ రంగు ఒప్పుతుందో అద్దం ముందు ఏళ్ళ తరబడి నేర్చుకున్న మనిషి ఆవిడ. తెల్లగా చేయాలని చూడలేదు. పిల్ల బయటికొస్తే అప్పే ఒక్క క్షణం పోల్చుకోలేకపోయిందట. ఆ తర్వాత ఈ కొండకీ ఆ కొండకీ పెళ్ళిళ్ళకి పిలుపులొచ్చాయి. చర్చి పెళ్ళిళ్ళు, థింసా నాట్యం ఆడే బృందాలు. రెండువేల సంవత్సరం దాటాక బస్టాండు దగ్గర ఒక గది తీసుకుని బ్యూటీపార్లర్ బోర్డు పెట్టింది. అమ్మ ఆ వైపు నడవడం మానేసి బస్సెక్కడానికి వీధి చుట్టూ తిరిగి వెళ్ళేది.

నా పెళ్ళి కూడా ఆ రోజుల్లోనే. నాకు వదినే కావాలన్నాను. అమ్మ విశాఖ నుంచి ఒకావిడని మాట్లాడింది. పెళ్ళి పొద్దున ఘాట్‌లో కొండచరియ విరిగి ఆవిడ కారు ఆగిపోయింది. ముహూర్తం ముంచుకొస్తోంది. అమ్మ మేనత్తని పిలిచి, “పార్లర్‌కెళ్ళి దాని రంగుల పెట్టె అడిగి తే. దాన్ని మాత్రం రావద్దను,” అంది. నేను ఆ గదిలోనే పెళ్ళికూతురిగా కూర్చుని ఉన్నాను. మేనత్త వెళ్ళింది, వట్టి చేతులతో తిరిగొచ్చింది. “నా సెయ్యి పనికిరాకపోతే నా పెట్టీ పనికిరాదు పిన్నీ, అంది,” అని అమ్మకి చెప్పింది. అమ్మ దుకాణంలోంచి స్నో డబ్బా తెచ్చి నా మొహానికి, మసి పులిమిన ఆ చేత్తోనే పట్టించింది. పెళ్ళి ఫోటోల్లో నేను సున్నం వేసిన గోడలా ఉంటాను. మా ఆయన ఇప్పటికీ ఆల్బం తెరిచి, నిన్ను చేసుకున్నానా, నీ గోడనా అంటాడు. నేనూ నవ్వుతాను. కానీ ఆ రోజు అమ్మ చేతులు నా ముఖం మీద ఆడుతున్నంతసేపూ నేను కళ్ళు గట్టిగా మూసుకునే ఉన్నాను.

అమ్మ పోయినప్పుడు వదినకి కబురు పంపాను. రాలేదు. శవం ఆ బస్టాండు ముందునుంచే వెళ్ళింది. పార్లర్ తలుపు తెరిచే ఉంది, లోపల లైటు వెలుగుతూనే ఉంది. దినవారాలయ్యాక నేనే వెళ్ళాను. వదిన దారం కొస పంటితో పట్టుకుని ఎవరో పిల్లకి కనుబొమలు తీస్తోంది. జుట్టు నెరిసింది, పెదాలకి ముదురు రంగుంది. “ఇంకా కోపమేనా వదినా?” అన్నాను. దారం నోట్లోంచి తీసింది. “ఉంది అమ్మీ. పోవాలని నేనెప్పుడూ అనుకోలేదు. టీ తాగుతావా?” అంది. తాగాను.

కాలమే అన్నిటినీ చల్లారుస్తుందని అంటారు. ఇన్నేళ్ళయింది, మా వదిన కోపం వెచ్చగానే ఉంది. దాన్ని చల్లార్చాలన్న తొందర కాలానికి కూడా ఉన్నట్టు నాకు కనిపించదు.