చెయ్యి అడ్డం పెట్టినా

కొరియాలో ఉన్న రెండేళ్ళూ శనివారమైతే నేనూ సుజాతా ఏదో ఒక కొండ ఎక్కేవాళ్ళం. ఓసారి కొండ దిగి, కింద ఒక పెద్దావిడ నడిపే చిన్న హోటల్లో భోజనానికి కూర్చున్నాం. ఊరికి వెళ్ళే ఆఖరి బస్సు అరగంటలో ఉంది.

ఆవిడ అన్నంతోపాటు ముల్లంగి పచ్చడి, పాలకూర చిన్న గిన్నెల్లో పెట్టింది. మండపేటలో మా మేనత్త ఇంట్లో మెతుకు వదిలితే వంట బాగోలేదన్నట్టే. అందుకే గిన్నెలు ఊడ్చేశాం. ఆవిడ సంబరంగా మళ్ళీ నింపింది. మళ్ళీ ఊడ్చాం. మళ్ళీ నింపింది. అక్కడ ఖాళీ గిన్నె కనబడితే ఇంకా కావాలేమో అనుకుంటారని మాకు తర్వాత తెలిసింది.

"ఏవండీ, ఇంక నా వల్ల కాదండి. బస్సు కూడా వెళ్ళిపోద్ది," అంది సుజాత.

"వదిలేస్తే ఏం బాగుంటుంది? నేను చూసుకుంటాగా," అన్నాను ధీమాగా. అవి కూడా నేనే ఊడ్చేశాను.

ఆవిడ మళ్ళీ గరిటెతో రాగానే, పెళ్ళిభోజనంలో విస్తరి మీదకి వంగినట్టు వంగి, గిన్నెకి రెండు చేతులూ అడ్డం పెట్టాను. భాష రాకపోయినా ఆవిడకి అర్థమైంది. ఫక్కున నవ్వింది. నవ్వుతూనే నా చేతులు పక్కకి తోసి, ఇంకో గరిటెడు వేసేసింది.

బయట బస్సు కదిలిన చప్పుడైంది.

"మీ మేనత్తగారు ఇక్కడికెప్పుడొచ్చారండి?" అంది సుజాత.