‘నిండుకుంటున్నది’ అని రాసిన పంతులు

పంతులు పోయాడన్న కబురు నాకు అచ్చంపేట బస్సు కండక్టరు తెచ్చాడు. నేను దుకాణంలో కూర్చుని ఒక కందీలుకు, అదే లాంతరుకు, కొత్త బర్నరు బిగిస్తున్నాను. బస్సు ఆగీ ఆగకముందే అతను కిటికీలోంచి కేకేశాడు.

“ఓ మిస్త్రీ! మీ పంతులు పొద్దుగాల పాలమూరు దవాఖానల పోయిండట. గుండె ఆగిందట!”

బస్సు వెళ్లిపోయింది. అబద్ధమాడి పుణ్యం లేదు కనుక చెబుతున్నాను. నాకు మొదట ఏడుపు రాలేదు. ‘ఇక అధ్యక్షుణ్ణి నేనే’ అన్న ఆలోచన వచ్చింది. ఏడుపు ఆ తర్వాత, కందీలు బిగించి పక్కన పెట్టాక వచ్చింది.

ఆయన బడిపంతులు. నేను కందీళ్లు, స్టవ్వులు బాగుచేసేవాణ్ణి. మా ఇద్దరి పెత్తనంలో పదేళ్లకు పైగా నూనె పొదుపు సంఘమని ఒకటి నడిచింది. నూనె అంటే గ్యాసునూనె, పట్నంలో కిరసనాయిలంటారు. భూమి కింది నూనె ఊరే చెలమ వంటిది కాదు, తోడుకుంటూ పోతే ఒకనాటికి అడుగు కనిపిస్తుంది, అందుకని చూసి వాడుకోవాలి, అది లేకుండా బతికే పద్ధతులూ మరిచిపోవద్దు. ఇదీ మా బోధ. ఆదివారం ఆదివారం సైకిళ్ల మీద ఊళ్లు తిరిగేవాళ్లం. ఆయన అధ్యక్షుడు, నేను కార్యదర్శిని. అంటే రెండు సైకిళ్లకూ గాలి కొట్టేది నేనే.

అసలు ఆ ఆలోచన నాది. నేను బడికి పోలేదు. హైదరాబాదు నుంచి కందీళ్ల గాజు చిమ్నీలు పాత పేపర్లలో చుట్టి వచ్చేవి. ఆ పేపర్లు కూడబలుక్కునే అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే నా చదువంతా చింపులు. ఒక హత్య గురించి సగం చదివి, మిగతా సగం ఏ చిమ్నీకి చుట్టి ఏ ఊరికి పోయిందోనని నెల్లాళ్లు బెంగపడ్డాను. హంతకుడెవరో ఇప్పటికీ తెలియదు. సరే, అది వేరే సంగతి. అటువంటి ఒక చింపులో భూమి కింది నూనెకు అంతు ఉన్నదని చదివాను. కందీలు బాగుచేయించుకోవడానికి పంతులు వస్తే చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. వారం తిరిగేసరికి ఊరంతా ఆ మాటే, అదీ పంతులు చెప్పిన మాటగా!

నా భార్యతో మొర పెట్టుకున్నాను. ఆమె పొయ్యి ముందు నుంచి లేవకుండానే తీర్పు చెప్పింది.

“గదే మాట నువ్వంటే నేనే ఇనలె. ఆయన అంటే ఊరంత లేసి కూసున్నది. మాటల ఏం తేడా లేదు, నోట్లనే ఉన్నది.”

ఆ నోటిని చూసే పదేళ్లు కుళ్లుకున్నాను. ఆయన ఏ ఇంటికి పోయినా ముందు కందీలు చేతికి తీసుకుని, చెవి దగ్గర ఊపి, ఎంత నూనె ఉన్నదో చెప్పేవాడు. ఆ విద్య నాది, నా దుకాణంలోనే నేర్చాడు. చొక్కా జేబులోంచి చిన్న కత్తెర తీసి వత్తి కొసలు సమంగా కత్తిరించేవాడు. ఆ కత్తెరా నేనిచ్చిందే. బూడిదతో చిమ్నీ తోమించి, వత్తి దించి, “చూసినవా అవ్వా? మసి తుడిస్తే సగం నూనె మిగిలినట్టే” అనేవాడు. అవ్వలు ఆయన తల నిమిరేవాళ్లు. నా వైపు తిరిగి, “నువ్వు గూడ చాయ తాగు నాయినా” అనేవాళ్లు.

గోడల మీద ఏం రాయాలన్న దగ్గర మాకు పెద్ద గొడవ జరిగింది. ఆయన బొగ్గుతో రాశాడు: ‘భూమిలో నూనె నిండుకుంటున్నది. పొదుపు చేయండి.’

“పంతులూ, ఒడుస్తాంది, అయిపోతాంది అని రాయి. గదైతే అందరికి సమజైతది,” అన్నాను.

“దీపం పెట్టుకునేటోళ్ల గోడ మీద ఒడిసిందని రాస్తరానోయ్? మా అవ్వ ఖాళీ బియ్యం కుండ బోర్లిచ్చుకుంట గూడ, నిండుకున్నయి బిడ్డా అనేది. గా పద్ధతి నేనెట్ల తప్పుత?”

ఇళ్లల్లో ఆ మాట ఆడవాళ్లందరూ అనేదే. కానీ గోడ మీద బొగ్గుతో రాస్తే, అక్షరం అక్షరం కూడబలుక్కునేవాడికి నిండుకోవడమంటే నిండడమే కదా! డిండి వాగు పక్క ఊళ్లో ఒక రైతు అట్లాగే చదువుకున్నాడు. భూమిలో నూనె నిండుతున్నదని, కలుపు వదిలేసి, ఎండిపోయిన తన బావిలో దిగి తవ్వడం మొదలుపెట్టాడు. మరుసటి ఆదివారం మేం పోయేసరికి ఒక ముంతతో ఎదురొచ్చాడు.

“సారూ, తగిలింది! మీరు చెప్పవట్కే తవ్విన. సగం మీది, సగం నాది.”

ముంతలో బురదనీళ్లు, పైన రంగురంగుల తెట్టె. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. లోలోపల సంబురం కూడా. ఇవాళ పంతులు పరువు పోతుందనుకున్నాను. ఆయన నవ్వలేదు. ఒక వత్తి ముంచి అంటించాడు, చిటపటమని ఆరింది. మూడుసార్లు అంటించాడు. చివరికి రైతు పక్కన నేల మీద కూర్చుని, “తప్పు నాదే తమ్మీ, మాట తిరకాసుగ రాసిన. గిది నూనె గాదు. అయినా తడి తగిలింది గద, ఇంకో గజం తవ్వు,” అన్నాడు.

నీళ్లు పడ్డాయి. మోకాటిలోతే, కానీ మిరపమడికి చాలినన్ని. ఆ ఊళ్లో దాన్ని పంతులు బావి అంటారు. తప్పు మాట రాసి కూడా బావికి పేరు పెట్టించుకున్నవాణ్ణి చూసి ఎట్లా ఓర్చుకోమంటారు?

పంతం కొద్దీ మరో ఆదివారం ఆయనకు చెప్పకుండా ఇంకో ఊరికి ఒంటరిగా పోయాను. అంగడిలో నిలబడి, “గ్యాసునూనె ఒడుస్తాంది!” అని స్పష్టంగా చెప్పాను. అందరికీ సమజైంది. పొద్దెక్కేసరికి ఆ ఊరి దుకాణంలో నూనె చుక్క లేదు. ఉన్నవాళ్లు డబ్బాలకు డబ్బాలు పట్టుకుపోయారు, కూలీల ఇళ్లకు సీసాలో సగం కూడా దొరకలేదు. నేను సైకిలెక్కి వచ్చేశాను.

పంతులు మరునాడు బడి వదలగానే అక్కడికి పోయాడు. ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. డబ్బాలు పెట్టుకున్న ఇంటింటికీ పోయి, “పక్కింట్ల కందీలు ఎలుగుతాందా?” అని మాత్రం అడిగాడు. సాయంత్రానికి ఎవరికి వాళ్లే సీసాల్లోకి పోసి పంపారు. ఈ పని చేసింది మిస్త్రీ అని ఆయన ఎవరికీ చెప్పలేదు, నన్నూ ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. తిట్టని మనిషిని క్షమించడం కష్టం.

ఈమధ్య ఊళ్లలోకి కరెంటు స్తంభాలు వస్తున్నాయి. “ఇంక మీ సంఘమెందుకు సారూ?” అని వెక్కిరిస్తే, “కరెంటు గూడ యాడనో ఏదో ఒకటి తిని బతుకుతది, నాయినా,” అనేవాడు. ఆ మాట ఏ చింపులో చదివాడో నాకు తెలియదు. నాది మాత్రం కాదు.

ఒక్కసారి ఉండబట్టలేక అడిగేశాను. “పంతులూ, గా పేపరు నాదని ఎన్నడన్న ఎవరికన్న చెప్పినవా?”

ఆయన నిజంగానే తికమకపడ్డాడు. “పేపరు నీదే. మాట నీదెట్లయితదోయ్? రాసినోడు ఎవడో, చుట్టినోడు ఎవడో. నీ కాడికొచ్చింది, నా కాడికొచ్చింది, ముందుకు పోవాలె.”

నేను లేచి రెండు సైకిళ్లకూ గాలి కొట్టాను.

కర్మలన్నీ అయ్యాక నన్ను అధ్యక్షుణ్ణి చేశారు. పోటీ ఎవరూ లేరు. మొన్న ఆదివారం ఒక్కణ్ణే సైకిలు మీద అమ్రాబాద్ దారిలో ఒక ఊరికి పోయాను. పంతులు ఎన్నడూ అడుగుపెట్టని ఊరని ఏరికోరి మరీ పోయాను. అక్కడైనా మాట నాదవుతుందని. పాతిక మంది చేరారు. భూమి కింది నూనె సంగతి, వత్తి సంగతి, మసి సంగతి అన్నీ చెప్పాను. ముందు వరుసలో కూర్చున్న ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

“మంచిగ చెప్పినవు గని, బిడ్డా, గివన్ని నీకెవలు చెప్పిండ్రు?”

పదేళ్లుగా ఎదురుచూసిన ప్రశ్న. ఛాతీ నిండా గాలి పీల్చుకున్నాను. నోరు తెరిచాను.

“మా పంతులు చెప్పిండవ్వా.”

“గట్లనా! మరి ఆయన రాలేదా?” అంటూ ముసలమ్మ మెడ సాచి నా భుజం మీదుగా బాటకేసి చూసింది. ఆమెను చూసి మిగతావాళ్లూ తలలెత్తి అటే చూశారు. ఎర్రమట్టి బాట మీద నా సైకిలు చక్రాల జాడ ఒక్కటే ఉంది. వాళ్లతో పాటు నేనూ వెనక్కి తిరిగి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ మలుపు వైపే చూస్తూ నిలబడ్డాను.