చెవిలో చెబితే తిరిగే ఫ్యాను

గుసగుస మావయ్య గట్టిగా మాట్లాడడు. పన్నెండేళ్ళుగా ఆయన నోటినుంచి గుసగుస తప్ప మరొకటి విన్నట్టు మేనకోడలికి గుర్తు లేదు.

ఆయనది రేడియోలు బాగుచేసే కొట్టు. దాని వెనక గదిలో మేనకోడలు పుస్తకాలకు అట్టలు కట్టి, వీపుల మీద బంగారు రేకుతో పేర్లు అద్దుతుంది. ముందు గదికి రేడియో తెచ్చినవాళ్ళు బల్ల మీదికి సగం వంగి ఆయనకి చెవి అప్పగిస్తారు. ఎందుకో వాళ్ళూ గుసగుసగానే జవాబు చెబుతారు. ఒకాయన అరగంట అలా మాట్లాడి, అదే గొంతుతో ఇంటికి వెళ్ళి, ఏం తప్పు చేసొచ్చాడో చెప్పమని భార్యచేత నిలదీయించుకున్నాడు. టీ కావాలన్నా మావయ్య కేక వెయ్యడు. వీధి చివరిదాకా నడిచి, టీ కొట్టువాడి చెవిలో చెప్పి వస్తాడు.

ఎందుకలా అని అడిగితే జేబులోంచి ట్రాన్సిస్టర్ తీస్తాడు. చొక్కా గుండీ కన్నా చిన్న నల్ల ముక్క. మూడు కాళ్ళు.

“ఈ కాలి దగ్గర మెల్లగా అడిగితే చాలు. మిగతా రెండూ దారిచ్చి పెద్ద కరెంటుని వదిలేస్తాయి. పెద్దవాటిని చిన్నగా అడగాలి.”

“అత్తయ్యనీ ఇలాగే అడిగావా మావయ్యా?”

“అడిగాను. రెండేళ్ళకి వినిపించింది.”

ఈసారి ఎండలకి వెనక గది పొయ్యిలా అయింది. బంగారు రేకు ఊపిరి కన్నా పలచన. కిటికీ తెరిస్తే లేస్తుంది, తలుపు తీస్తే లేస్తుంది. ఇక ఫ్యాను మాటే లేదు. గ్రంథాలయం వాళ్ళ నిఘంటువులు అరవై, శనివారానికి అందాలి. అందకపోతే ఇకమీదట ఆ పని యంత్రానికి వెళ్ళిపోతుంది. బుధవారానికి ఇరవై అయ్యాయి. ఇరవయ్యొకటో దాని మీద రేకు పరుస్తుంటే నుదుటి చెమట టపీమని దానిమీదే పడింది.

కళ్ళు తిరిగి ఆమె కింద కూర్చుండిపోయింది. ఎదురుగోడ మీది బంగారు చుక్క నీళ్ళలో ఈదుతున్నట్టు కనిపించింది. పనిలో చేరిన రోజు గాలికి ఎగిరి అంటుకున్న మొదటి రేకు అది. పన్నెండేళ్ళుగా అక్కడే ఉంది.

“ఇంక నావల్ల కాదు మావయ్యా,” అంది.

ఆయన ఏదో అన్నాడు. వినపడలేదు.

మర్నాడు ఆమె బల్ల అంచున పాత కంప్యూటర్లోంచి తీసిన అరచేతంత ఫ్యాను ఉంది. స్విచ్చి లేదు. ఆమె నిలబడి ఉంటే తిరిగింది. పనికి వంగితే ఆగింది. చెయ్యి తీస్తే మళ్ళీ తిరిగింది.

“ఇదేం పనిదొంగ మావయ్యా? నేను పనిలోకి దిగగానే పడుకుంటోంది.”

ఆయన ఆమె మోచెయ్యి ఆనించే మెత్త పైకెత్తి చూపించాడు. కింద రెండు రాగి రేకులు, వాటినుంచి వెంట్రుకంత తీగ, తీగ చివర మూడు కాళ్ళవాడు. మోచెయ్యి ఆనితే రాగి రేకులు కలుస్తాయి, చిన్న కరెంటు వాటిలోంచి పక్కకి పోతుంది, వాణ్ణి అడగడం ఆగిపోతుంది, ఫ్యానూ ఆగుతుంది. రెక్కలు పూర్తిగా నిలిచేదాకా పది లెక్కపెట్టుకోమన్నాడు.

“ఫ్యానుకి పన్నెండు వోల్టులేగా. నేరుగా ఇక్కడికే తీగ లాగొచ్చుగా?”

“నీది చెమట చెయ్యి. నీ దగ్గరికి మూడు వోల్టులు చాలు.”

శనివారం మధ్యాహ్నానికి ఒక్క పుస్తకం మిగిలింది. అమ్మ అన్నం తెచ్చింది. మావయ్యకి ఆవిడ అక్క. మూడు కాళ్ళ సిద్ధాంతం మేనకోడలి నోట విని, అరచెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

“మూడు కాళ్ళూ లేవు, ముప్ఫై కాళ్ళూ లేవు. చిన్నప్పుడు వాడు నన్ను పిలిస్తే పక్కవీధి అక్కలు కూడా పలికేవాళ్ళు. నువ్వు పనిలో చేరిన రోజు గుమ్మంలో నిలబడి వాడే నవ్వాడు. ఆ నవ్వుకి లేచింది నీ రేకు. నువ్వు గాలి అనుకుని ఏడ్చావు. మర్నాటినుంచి వాడికి గొంతు పోయింది.”

మేనకోడలు గోడ మీది చుక్కని చూసింది. తర్వాత మోచెయ్యి ఆనించింది. పది లెక్కపెట్టింది. అరవయ్యో వీపు మీద రేకు నిద్రలోకి జారినట్టు వాలింది. పేరు అద్ది, మిగిలిన రేకుల పెట్టె మూసి ముందు గదిలోకి వచ్చింది. మావయ్య టీ చెప్పడానికి చెప్పులు వేసుకుంటున్నాడు.

“పెట్టె మూసేశాను మావయ్యా. ఇక్కణ్ణుంచే కేకెయ్యి.”

ఆయన ఆమెను చూశాడు. వెనకున్న అక్కని చూశాడు. చెప్పులు విడిచి, గొంతు సవరించుకున్నాడు.

టీ కొట్టువాడు మూడు కప్పులతో పరిగెత్తుకొచ్చాడు. అతని వెనకే, ఆయాసపడుతూ, పక్కవీధి టీ కొట్టువాడూ వచ్చాడు.