కట్టు వేసిన వాలు

మా నాన్న మీద నాకింకా కోపం తగ్గలేదు. ఆ సర్వేయర్ మీద కోపం సరే, అది ఎవరికైనా వస్తుంది. నాన్న మీద వచ్చేదే నా తిండి ఒంటబట్టనివ్వడం లేదు.

మాది గొర్రెలు కాచుకునే వంశం. మాచవరం వైపు ఒక మేత పోరంబోకు గుట్ట, దాని కింద మా ఇరవై ఇళ్ళు. గుట్టకి నాలుగు వాలులు. వాటిలో ఒకదానికి ఎప్పుడూ కట్టు ఉంటుంది. కట్టు వేశారంటే రెండేళ్ళు దాటి, ఆ ఏటి గింజ రాలేవరకూ ఆ వాలు మీద ఒక్క జీవం కూడా కాలు పెట్టకూడదు. గడ్డి పెరగాలి, గింజ పట్టాలి, రాలాలి, మళ్ళీ మొలవాలి. అంచున రాళ్ళు పేర్చి సున్నం పూస్తారు, అంతే. కంచె లేదు, కాపలా లేదు. ఒకసారి మా చిన్నాన్న పొట్టేలు పొరపాటున లోపలికి పోతే దాన్ని కోయించి అన్ని ఇళ్ళకూ పంచారు. చిన్నాన్న ఇంటికి మాత్రం ఒక్క ముక్క కూడా పంపలేదు.

నేను బడిలో టీచర్ని. ఆ ఆదివారం ఇంట్లోనే ఉన్నాను. సర్వేయర్ ఒకాయన మోటార్ సైకిల్ మీద వచ్చి గుట్ట చూపించమన్నాడు. నాన్న ఎంత సంబరపడ్డాడో! ఆఫీసు మనిషి మా గుట్ట చూడటానికి రావడమే గొప్ప. నేరుగా కట్టు ఉన్న వాలు దగ్గరికే తీసుకుపోయాడు. మోకాలెత్తు గడ్డి.

"ఇక్కడ గొర్రెలు మేస్తాయా?" అని అడిగాడాయన.

"ఎంత మాట సార్! రెండేళ్ళ నుంచి ఒక్క జీవం కాలు పెట్టలా. పెట్టనిస్తామా మేము?" అన్నాడు నాన్న, పెళ్ళికూతుర్ని చూపించినంత మురిపెంగా.

సర్వేయర్ సంచిలోంచి కాగితం తీశాడు. "టీచరమ్మగారూ, మీ వాళ్ళ మాటే కదా, మీరే రాయండి" అన్నాడు. ఎందుకండీ అన్నాను. ఊరికే రికార్డు కోసం అన్నాడు. రాశాను. ఈ వాలులో రెండేళ్ళుగా గొర్రెలు మేయడం లేదని గుండ్రటి అక్షరాలతో రాశాను. ప్రశ్న రెండుసార్లు చదవండర్రా అని పిల్లల నెత్తిన మొట్టే మనిషిని! నాన్న వేలిముద్ర వేశాడు. మా వాళ్ళంతా వరసకట్టి మరీ వేశారు.

మూడు నెలలకి పంచాయతీ ఆఫీసు గోడ మీద నోటీసు పడింది. ఆ వాలు నిరుపయోగంగా ఉందట. అందుకని నాపరాళ్ళ క్వారీకి లీజుకి ఇస్తారట. ఆఖరుసారి తనిఖీకి మర్నాడే వస్తారట.

చిన్నాన్న పరిగెత్తుకొచ్చాడు. "అన్నా, ఇప్పుడే మందను తోలుదాం. రేపు ఆళ్ళొచ్చేసరికి పెంటికలు కనపడాల."

"గింజ ఇంకా పాల మీదుందిరా. నెల ఆగాల" అన్నాడు నాన్న.

"నెలకల్లా క్వారీ వచ్చిద్ది నాన్నా!" అని అరిచాను.

"వస్తే రానీ. కట్టు మనం వేసింది. మనమే తీస్తే ఇంక ఏంది మన బతుకు?"

మొక్కాను. ఏడ్చాను. నీ కట్టు నువ్వు నెత్తిన పెట్టుకుని ఊరేగు అన్నాను. కన్నతండ్రిని అనకూడని మాట, అయినా అన్నాను. మర్నాడు వచ్చినవాళ్ళకి అక్కడ ఒక్క పెంటిక కూడా దొరకలేదు. గొర్రెలు మేసే చోటైతే గడ్డి ఇంత ఎత్తు ఎందుకుంటుందని ఒకడు నవ్వాడు.

సెలవు పెట్టి, అర్జీ పట్టుకుని నరసరావుపేట పోయాను. వాలు ఎందుకు ఆగాలో, ఆగకపోతే గుట్ట ఏమవుతుందో చెప్పుకొచ్చాను. అక్కడి అధికారి మధ్యలోనే ఆపి ఫైలు నా వైపు తిప్పాడు. "ఈ రాత మీదేనా మేడం?"

అబద్ధమైతే చింపెయ్యండి అనేదాన్ని. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఔనండీ అని లేచి వచ్చేశాను.

ఒక ఏడు పొలం బీడు పెట్టుకున్న రైతు దగ్గర ఎవరైనా పొలం లాక్కుంటారా? మరి మాకెందుకీ గతి? గుట్టంతా నాకించేస్తే అది వాడుకోవడమట! రేపటికి కొంత ఆపుకుంటే నిరుపయోగమట! ఆ మాట రాసినవాణ్ణి రెండేళ్ళు మా మంద వెనక తిప్పాలి. అప్పుడుగానీ బుద్ధి రాదు.

క్వారీ వచ్చింది. సరిగ్గా గింజ రాలే రోజుల్లో పొక్లెయిన్ ఆ గడ్డిని మట్టితో సహా ఎత్తి పక్కన పోసింది. నాన్న ఆ వైపు పోలేదు.

ఈ ఏడు తూర్పు వాలుకి కట్టు పడాలి. నాన్న రాళ్ళు పేర్చలేదు. మొన్న ఇంకో సర్వేయర్ వచ్చేసరికి మంద మొత్తం ఆ వాలు మీదే ఉంది.

"ఏడాది పొడుగునా ఇక్కడే మేస్తయ్ సార్. ఒక్కరోజు గూడా ఆపం" అన్నాడు నాన్న, నేల చూపులు చూస్తూ.

ఆయన రాసుకుని వెళ్ళిపోయాడు. వాలు దక్కింది. కానీ అక్కడ గడ్డి ఎక్కడుంది? గొర్రెలు అప్పుడే లేచిన మొలకల్ని వేళ్ళతో సహా పీకుతున్నాయి.

"ఆయన పోయాడుగా నాన్నా, ఇంక మందను దించు" అన్నాను.

"మళ్ళీ ఎప్పుడొస్తారో ఏం తెలుసమ్మా" అంటూ, పక్క వాలుకి మళ్ళిన గొర్రెను కర్రతో అదిలించి మళ్ళీ ఆ మట్టి మీదికే తోలాడు.