బొట్టు పెట్టే చేయి

మా ఊరి సర్పంచి సీటు ఆడవాళ్ళకు వచ్చిందని తెలియగానే మా ఇంటికి పెళ్ళికళ వచ్చేసింది. మా పిన్ని నిలబడుతోంది! డిగ్రీ చదువుతున్న నేను ఆ పది రోజులూ అమలాపురం బస్సు ముఖం చూడలేదు. పిన్ని పక్కన కుంకుమ భరిణె పట్టుకుని ఇంటింటికీ తిరగడమే నా పని. మా వైపు ఆడవాళ్ళు ఓటడగాలంటే, పేరంటానికి పిలిచినట్టే, బొట్టు పెట్టి అడగాలి. పెట్టించుకున్నారంటే సగం మాట ఇచ్చినట్టే.

పిన్నికి రెండు చేతుల మీదా బొల్లిమచ్చలున్నాయి. ఊరంతా ఏనాటి నుంచో ఎరిగినవే. వాటిని ఇప్పుడే కనిపెట్టినట్టు అవతలివాళ్ళు రాజమండ్రిలో క్యాసెట్ చేయించి, ఆటోకి మైకు కట్టి ఊరంతా తిప్పారు. "మచ్చల చేతి బొట్టు పెట్టించుకోకండమ్మా, మీకూ అంటుకుంటుంది" అని అరుపు, వెనకాల డప్పు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు కాలవగట్టు వీధిలో మొదటి ఇంటావిడ, "చేతులు తడిగా ఉన్నాయండి, భరిణె అరుగు మీద పెట్టండి, నేనే పెట్టుకుంటాను" అంది. రెండో ఆవిడ మొన్న శ్రావణమాసంలో పిన్ని చేత కాళ్ళకు పసుపు రాయించుకున్న మనిషే. పిల్లకి ఒంట్లో బాలేదని తలుపు చాటు నుంచే చెప్పేసింది. వీధి చివరిదాకా ఇదే వరస. పిన్ని ముఖం మాడిపోయింది. ఓట్లు పోతే పోనీ, ఈ మాట ఇలాగే పాకితే పిన్నిని ఇక ఏ పేరంటానికైనా మనస్ఫూర్తిగా పిలుస్తారా అని నా భయం.

"నీ మీద నిలబడినావిడ ఎత్తుపళ్ళ మీద మనమూ ఒక క్యాసెట్ చేయిద్దాం పిన్నీ, నేను రాస్తాను" అన్నాను. అప్పటికే నాలుగు ముక్కలు కట్టేశాను. బాగానే వచ్చాయి కూడా.

"నోర్ముయ్. ఈ వీధిలో ఇంకా ఎవరిల్లు మిగిలిందే?"

"ఆవిడదే."

"అయితే పద. వీధంతా పిలిచి ఒక్క గడప వదిలేస్తామా?"

అవతలి అభ్యర్థి భర్త వరండాలో పదిమందితో టీ తాగుతున్నాడు. మమ్మల్ని చూసి గ్లాసు కింద పెట్టాడు. "ఏంటమ్మా, దారి తప్పారా?" అన్నాడు.

"బొట్టు పెడదామని వచ్చానండి. వదినగారు ఉన్నారా?" అంది పిన్ని.

తడి చేతులావిడా, పిల్లకి బాలేనావిడా, వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చేశారు. ఆయన భార్య కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఇంట్లోంచి బయటికి వచ్చింది. "నువ్వు లోపలికెళ్ళు" అన్నాడు భర్త.

"గడపలోకొచ్చిన బొట్టు వద్దంటారా ఎక్కడైనా?" అంటూ ఆవిడ మెట్లు దిగి పిన్ని ముందు తల వంచింది. పిన్ని గబగబా పెట్టేసరికి బొట్టు కాస్త వంకరగా పడింది.

సరిగ్గా అప్పుడే వీధి మలుపు తిరిగి ఆటో వచ్చింది, మచ్చల చేయి అని అరుచుకుంటూ. ఆవిడ ఆ వంకర బొట్టుతోనే వెళ్ళి ఆటోకి అడ్డంగా నిలబడింది.

"ఆ మైకు కట్టెయ్యి."

"బాబుగారు వెయ్యమన్నారండి" అన్నాడు డ్రైవరు.

"నిలబడింది నేనా, బాబుగారా?"

క్యాసెట్ నోరు మూసుకుంది. నేను పట్టలేక ఈల వేసేశాను. ఇంటికెళ్ళాక అమ్మ చేత తిట్లు తిన్నాను గానీ, అంత ఆనందం నాకు పరీక్ష పాసైనప్పుడూ కలగలేదు. తడి చేతులావిడ పరుగున వచ్చి "నాకూ పెట్టండి" అంది. ఆమె వెనకాల మిగతావాళ్ళు. మధ్యాహ్నానికి భరిణె ఖాళీ.

ఎన్నికలో మాత్రం ఓడిపోయాం. ఆవిడే గెలిచింది. బడి బయట కౌంటింగు ఫలితం వినగానే నేను వెక్కి వెక్కి ఏడ్చాను. పిన్ని నన్ను పక్కకు లాగింది.

"ఊరుకోవే. నా ఓటు కూడా ఆవిడకే వేశాను."

పిచ్చిగానీ పట్టిందా అన్నట్టు చూశాను.

"మొగుడు వద్దంటున్నా మెట్లు దిగొచ్చి ఈ చేతి ముందు తల వంచిందే. నువ్వైతే ఎవరికేస్తావు?"