తిత్తి ఆపొద్దు

ఇవాళ పొద్దున బీరువా పైనుంచి మా బాపు కాలం నాటి శ్రుతి పెట్టెను నేను దింపగానే పాత తోలు, కర్పూరం, ఎలుకలు కొరికిన గుడ్డ కలగలిసిన వాసన గుప్పుమంది. ఊరి పక్క విమానాశ్రయం నుంచి లేచిన విమానం కిటికీ అద్దాలను అదరగొడుతూ పోయింది గానీ ఆ వాసన మాత్రం కదల్లేదు.

బాపు పాల్మాకులలో భజన పంతులు. చుట్టుపక్కల ఊళ్లకు సైకిల్ మీద పోయి పాటలు నేర్పేవాడు, సొంతంగా కట్టేవాడు కూడా. కాగితం మీద మాత్రం ఒక్క ముక్క పెట్టేవాడు కాదు. దవడన లవంగం పెట్టుకుని ఆయన పాడుతుంటే, పక్కన కూర్చుని ఈ పెట్టె తిత్తిని ఆడిస్తూ ఉండటం నా పని. అన్నలిద్దరికీ తాళాలు ఇచ్చారు, విసుగేస్తే వాళ్లు లేచిపోయేవారు, నాకు పెట్టె. ఆడపిల్లయితే కుదురుగా కూర్చుంటుందని ఎవరు తీర్మానించారో ఇప్పటికీ తెలియదు, కనిపిస్తే అడుగుతాను.

ఒక ఏడు సద్దుల బతుకమ్మ నాడు, తంగేడు, గునుగు పువ్వుల పచ్చి వాసన వాడంతా పరుచుకుని, ఇంట్లో రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు ఇంకా వెచ్చగా ఉండగానే, దసరా భజనకు సాధన అంటూ పది మంది మగవాళ్లు మా అరుగు మీద చేరారు. నా ఈడు పిల్లలు బతుకమ్మలెత్తుకుని పోతూ, "ఏందే, ఆ పెట్టెకు నిన్ను కట్టేసిన్రా?" అని నవ్వారు. ఒళ్లు మండి చెయ్యి తీసేశాను.

శ్రుతి ఆగింది. బాపు గొంతు మెట్టు తప్పినట్టు జారింది.

"పంతులూ, పాట పంచరైందా ఏంది?" అని ఎవరో అనగానే అరుగంతా నవ్వింది.

తిడితే లేచి పరిగెత్తేదాన్నే. బాపు తిట్టలేదు, తల దించుకుని, నాకొక్కదానికే వినపడేలా, "జర ఆపకు బిడ్డా. నువ్వాపితే పాట పడిపోతది" అన్నాడు. బతిమాలే మనిషి దగ్గర్నుంచి పారిపోవడం ఎలాగో నాకెవరూ నేర్పలేదు. మళ్లీ కూర్చున్నాను, ఆయన పోయేదాకా లేవలేదు.

ఇవాళ ఇద్దరమ్మాయిలు వచ్చారు, కొత్త ఫ్లాట్లలో భజన బృందం పెట్టారట. బాపు పాటలు ఫోన్లో రికార్డు చేసుకుంటామన్నారు, అవి నా తలలో తప్ప ఇంకెక్కడా లేవు మరి. "శ్రుతి ఫోన్లనే ఉన్నది అక్కా, మీరు ఉత్తగ పాడుర్రి" అన్నారు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చేతులు ఖాళీగా పెట్టుకుని బాపు పాటకు నోరు తెరిచాను. ఒక్క మాట రాలేదు. అందుకే పెట్టె దింపాను. తిత్తి చిరిగిపోయింది, శ్రుతి పలకదు, ఉస్సుమని గాలి మాత్రం పోతుంది. అయినా చెయ్యి ఆడగానే పాట పల్లవి నుంచి వచ్చేసింది.

"ఆ పెట్టె జర ఆపుతరా అక్కా? రికార్డుల గాలి చప్పుడొస్తున్నది."

ఆ అరుగు లేదు, తంగేడు పూసిన గుట్ట ప్లాట్లయింది, ఆ సాయంత్రం నవ్విన మగవాళ్లలో ఒక్కరూ మిగల్లేదు. నా చెయ్యి మాత్రం అక్కడే ఉంది.

"ఆపను," అన్నాను. "ఆపితే పాట పడిపోతది."