భ్రమరాంబ టీచరుగారి ఆది జాకెట్టు

కొత్త చీర మడత విప్పగానే వచ్చే గంజి వాసనంటే నాకు ప్రాణం. మొన్న గుడివాడలో ఒక బట్టల కొట్లో కూర్చుని ఆ వాసన పీలుస్తూ ఉన్నాను. మనవరాలి పెళ్ళికి నాకో చీర కావాలి. కొట్టు మనిషి నన్ను ఎగాదిగా చూసి, ఆ చివరనున్న ఇంకొకతనితో, "ఈ మామ్మగారికి చీరలో వచ్చే జాకెట్టు ముక్క చాలదు, గుడ్డ ఎక్కువుండేవి తియ్యి" అని కేకేశాడు. కొట్లో ఉన్నవాళ్ళంతా నా వైపు తిరిగారు. పక్కన మా మనవరాలు తల దించుకుంది. నాకు మాత్రం నవ్వొచ్చింది. అలాంటి కేక విని నేను నవ్వగలుగుతున్నానంటే ఆ పుణ్యం భ్రమరాంబ టీచరుగారిది. అరవై ఏళ్ళ కిందట ఇదే ఊళ్ళో ఇలాంటి కేకే ఆవిడ కూడా విన్నారు. ఆ రోజు నవ్వలేదు.

అప్పట్లో మేము బందరు గొడుగుపేటలో ఉండేవాళ్ళం. నేను ఎస్సెల్సీ రెండుసార్లు తప్పి, మూడోసారి రాసేది లేదని మొండికేసి ఇంట్లో కూర్చున్నాను. ఊరికే తిని కూర్చుంటే కొవ్వెక్కుతుందని మా అమ్మ నన్ను రెక్క పట్టుకుని తీసుకెళ్ళి, రెండిళ్ళ అవతల ఉన్న టీచరుగారికి అప్పగించింది. ఆవిడ ఆడపిల్లల బళ్ళో కుట్టు నేర్పేవారు. సాయంత్రాలు ఇంటి వరండాలో మిషను ముందు కూర్చుని ఇరుగుపొరుగు ఆడవాళ్ళకి జాకెట్లు కుట్టేవారు. భర్త కోర్టులో గుమాస్తా, గాలేస్తే పడిపోయేలా ఉండేవారు. టీచరుగారు భారీ మనిషి. అప్పటికి యాభై దాటాయి. గుమ్మంలో నిలబడితే లోపలి గదిలో వెలుతురు తగ్గేది. కానీ ఆ చేతులు సూదిలో దారం ఎక్కిస్తుంటే చూడాలి, అంత నాజూకు పని చేసే చేతుల్ని నేను మళ్ళీ చూడలేదు.

ఆ రోజుల్లో ఆడవాళ్ళు ఒంటి మీద టేపు వేయించుకునేవారు కారు. సరిగ్గా పట్టే పాత జాకెట్టు ఒకటి దర్జీకి పంపేవారు. దాన్ని ఆది జాకెట్టు అనేవాళ్ళు. దాని కొలతకే కొత్తది కుట్టాలి. చిక్కేమిటంటే, ఒళ్ళు చేసినవాళ్ళు ఇప్పుడు తొడుక్కునే జాకెట్టు పంపడానికి సిగ్గుపడి, బీరువా అడుగునుంచి ఆరేళ్ళ కిందటిది తీసి పంపేవారు. దాని ప్రకారం కుడితే చేతులు ఎక్కవు, హుక్కులు అందవు. అప్పుడు తప్పు దర్జీది అయిపోతుంది. టీచరుగారు అలా మోసపోయే మనిషి కాదు. "ఆది అబద్ధం ఆడుతుంది రాజ్యం. ఆది తెచ్చిన మనిషిని చూసి గుడ్డ కత్తిరించు" అనేవారు. అనుమానం వస్తే ఆది తెచ్చినావిడని లోపలి గదిలోకి పిలిచి, కబుర్లు చెబుతూ చెబుతూ టేపు చుట్టేసేవారు.

నేను చేరిన వారంలోనే ఒక తప్పు చేశాను. కలెక్టరాఫీసు ఉద్యోగి భార్య ఒకావిడకి కొలత తీస్తూ, బజారు దర్జీలు అరిచినట్టే, "ఛాతీ నలభై నాలుగు" అని వరండాలోకి వినపడేలా చదివాను. అక్కడ ఇంకో నలుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఆవిడ మొహం పాలిపోయింది. గుడ్డ అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. టీచరుగారు నన్ను తిట్టలేదు. ఆ సాయంత్రం ఆ గుడ్డ నా చేతే కత్తిరింపించి, నా చేతే కుట్టించి, నా చేతే వాళ్ళింటికి పంపారు. జాకెట్టు ఒంటికి అచ్చంగా సరిపోయిందని తర్వాత కబురొచ్చింది. "అంకె కాయితానికి చెప్పాలి గానీ వీధికి కాదు" అని ఒక్క మాట అన్నారు టీచరుగారు. అప్పటినుంచి నేను కొలత పైకి చదివితే ఒట్టు.

ఇంత తెలిసిన మనిషి తన విషయానికొచ్చేసరికి చేసేది వేరు. ఆవిడ పెట్టెలో వెలిసిపోయిన బూడిద రంగు జాకెట్టు ఒకటి ఉండేది. పన్నెండేళ్ళ నాటిది. తనకి కొత్త జాకెట్టు కావలసినప్పుడల్లా అదే నా ముందు పడేసి, "దీని ప్రకారం కొయ్యి, కాస్త వదులుంచు" అనేవారు. ఎంత వదులో చెప్పేవారు కాదు. నేను అడిగేదాన్ని కాదు. అది ఎప్పుడూ బిగుతుగానే ఉండేది. ఆవిడ పైట భుజాల చుట్టూ కప్పుకుని కాలక్షేపం చేసేవారు. అంతకు నాలుగేళ్ళ ముందు ఎవరిదో పెళ్ళిలో అక్షింతలు వేయడానికి చెయ్యెత్తితే చంక కింద కుట్టు పర్రుమని విడిపోయిందట. పిల్లలు నవ్వారట, పెద్దవాళ్ళూ నవ్వారట. ఆ తర్వాత ఏ పెళ్ళికి వెళ్ళినా వంటల దగ్గర పెత్తనం పుచ్చుకుని మంటపం వైపు వచ్చేవారు కారని గుమాస్తాగారు ఒకసారి మా అమ్మతో అన్నారు.

ఆ ఫాల్గుణంలో నాగాయలంక నుంచి ఉత్తరం వచ్చింది. టీచరుగారి తమ్ముడు అక్కడ బడిపంతులు. భార్య పోయి చాలా ఏళ్ళయింది. తల్లి లేని ఆయన కూతుర్ని పదేళ్ళొచ్చేదాకా బందరులో టీచరుగారే పెంచారు. ఇప్పుడు ఆ పిల్లకి వైశాఖంలో పెళ్ళి. కన్యాదానం దంపతులు చెయ్యాలి కాబట్టి అక్కా బావా పీటల మీద కూర్చోవాలని తమ్ముడు రాశాడు. కింద పెళ్ళికూతురు తన చేత్తో ఒక వాక్యం చేర్చింది: అత్తయ్య కూర్చోకపోతే తనకి ఎవరు కూర్చున్నా ఒకటేనని. టీచరుగారు ఆ ఉత్తరాన్ని మిషను సొరుగులో పెట్టారు. రోజుకోసారి తీసి చదివి మళ్ళీ పెట్టేవారు. ఆవిడకి వెళ్ళాలనుంది. కానీ పెళ్ళిలో పీటల మీద, అందరి కళ్ళముందు, అన్నన్ని గంటలు కూర్చోవడమంటేనే ఆవిడకి భయం.

పెళ్ళి చీర కోసం బందరు కొట్లకి వెళ్తే అందరూ తెలిసినవాళ్ళే, సగంమంది ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళే. అందుకని ఒక ఆదివారం నన్ను వెంటబెట్టుకుని గుడివాడ వెళ్ళారు. అక్కడ తనని ఎవరూ ఎరగరని ధైర్యం. ఆవిడ చిలకాకుపచ్చ పట్టుచీర వైపు చెయ్యి చాపారు. కొట్టు మనిషి ఆ చీర పక్కకి నెట్టి, "అది మీకు ఎబ్బెట్టుగా ఉంటదండీ, ముదురు రంగులు చూడండి, మనిషి కాస్త తగ్గినట్టు కనపడతారు" అన్నాడు. ఆపైన లోపలికి తిరిగి, మనిషి బాగా భారీ అని, పొడుగు చీరలుంటే తీయమని కేకేశాడు. లోపలినుంచి అలాంటివి లేవని జవాబు కూడా అంత గట్టిగానే వచ్చింది. పక్కన చీరలు చూస్తున్న ఇద్దరు ఆడపిల్లలు మూతికి చెంగు అడ్డం పెట్టుకున్నారు. టీచరుగారు చీర మడత సరిచేసి, నమస్కారం పెట్టి బయటికొచ్చేశారు. నాకు వాడి నోరు కుట్టేయాలనిపించింది, చేతిలో సూది లేకపోయింది గానీ.

తిరుగు రైల్లో ఆవిడ కిటికీ వైపే చూస్తూ కూర్చున్నారు. కౌతరం దాటాక, "నేను పెళ్ళికి వెళ్ళనే రాజ్యం. తమ్ముడికి ఒంట్లో బాగాలేదని రాస్తాను. పిల్ల పినతల్లీ పినతండ్రీ కూర్చుంటారు" అన్నారు. కళ్ళు తుడుచుకోలేదు, నీళ్ళు అలాగే కారనిచ్చారు. నాకు దుఃఖమూ కోపమూ కలిసి వచ్చాయి. ఇంతలో బండి పెడనలో ఆగింది. ఏమనుకున్నానో ఏమో, ఆవిడ సంచీ లాక్కుని దిగిపోయాను. సంచిలోనే టిక్కెట్లున్నాయి. ఆవిడ నన్ను తిట్టుకుంటూ, ఆయాసపడుతూ నా వెనకే దిగారు. మా అమ్మకి ఏటా చీరలు తెచ్చిచ్చే నేతగాడు వీరాస్వామిగారు ఆ ఊళ్ళోనే ఉండేవాడు. తిన్నగా ఆయన ఇంటికి తీసుకెళ్ళాను.

వీరాస్వామిగారు మగ్గం గుంటలోంచి లేచి వచ్చి, మాకు మజ్జిగ ఇప్పించి, సంగతంతా విన్నాడు. నేను చెబుతుంటే టీచరుగారు తల ఎత్తలేదు. ఆయన లోపలికి వెళ్ళి, తన తల్లి కట్టిన పాత చీర ఒకటి తెచ్చి అరుగు మీద పరిచాడు. అది పరుస్తూ ఉంటే పరుస్తూనే ఉంది. పదహారు మూరలు. "మా నాయన నేసినవన్నీ ఇంతేనండి. అప్పుడు సన్నోళ్ళూ లావోళ్ళూ అందరూ ఇవే కట్టారు. కొట్లోళ్ళు వచ్చి పన్నెండు మూరలు చాలన్నారు. తమరు పెరగలేదమ్మగారూ, చీర తగ్గింది" అన్నాడు. టీచరుగారు ఆ చీర అంచు చేతిలోకి తీసుకుని వేళ్ళతో తడిమి చూశారు. అప్పుడు మెల్లగా, ముదురు నేరేడు రంగులో ఒకటి నేస్తారా అని అడిగారు. వీరాస్వామిగారు ఒప్పుకోలేదు. పీటల మీద కూర్చునే మనిషికి ఏడుపుగొట్టు రంగెందుకని, మామిడి చిగురు రంగు వేస్తానన్నాడు. వెడల్పంచు మనిషిని అడ్డంగా కోసినట్టుంటుందనీ, సన్న జరీ అంచు చాలనీ చెప్పాడు. పద్నాలుగు మూరలు నేస్తే కుచ్చిళ్ళు నిండుగా వస్తాయి, కూర్చున్నా లేచినా ఎక్కడా లాగదని తానే లెక్క తేల్చాడు. నూలు చీరే, కానీ పట్టు పక్కన పెట్టినా తీసిపోదని ఆయన ధీమా.

చీర చైత్రం చివర్లో వచ్చింది. దాంతో పాటే ఒక జాకెట్టు గుడ్డ నేసి ఇచ్చాడు. ఇంక మిగిలింది జాకెట్టు. టీచరుగారు అలవాటు ప్రకారం పెట్టె తెరిచి ఆ బూడిద రంగుది తీసి బల్ల మీద వేశారు. నేను కత్తెర కింద పెట్టేశాను. ఆవిడ ముందు ఎప్పుడూ నోరెత్తనిదాన్ని, ఆ రోజు మాత్రం అనేశాను. "ఈ ఆది పన్నెండేళ్ళుగా అబద్ధం ఆడుతోందండీ. దీన్ని నమ్మి నేను కొయ్యను. టేపు వేస్తానంటే కోస్తాను, లేకపోతే మీరు ఇంకెవరి చేతైనా కుట్టించుకోండి."

కొట్టినంత పని చేస్తారనుకున్నాను. ఆవిడ నా మొహంలోకి చూసి, లేచి వెళ్ళి వీధి తలుపూ వంటింటి తలుపూ వేసి వచ్చారు. పైట తీసి నడుముకి దోపి, చేతులు రెండూ పక్కలకి ఎత్తి, కళ్ళు మూసుకుని నిలబడ్డారు. టేపు రెండు కొసలూ ముందుకు తెచ్చి కలిపాను. అంకె చూసి, ఆవిడ నేర్పినట్టే నోరెత్తకుండా కాయితం మీద రాయబోయాను.

"పైకి చదువు" అన్నారు.

"మీరే కదండీ చదవకూడదన్నారు."

"ఎదుటివాళ్ళది చదవకూడదు. నాది నేను వినాలి. చదువు."

"నలభై ఆరు" అన్నాను, చెప్పలేక చెప్పినట్టు.

ఆవిడ కళ్ళు తెరిచారు. "అంతేనా?" అన్నారు. మళ్ళీ చూడమన్నారు. మళ్ళీ చూశాను, నలభై ఆరే. ఆవిడ మంచం మీద కూలబడి, ముందు చిన్నగా, తర్వాత ఒళ్ళంతా ఊగిపోయేలా నవ్వడం మొదలెట్టారు. యాభై ఎప్పుడో దాటిపోయి ఉంటుందనుకున్నారట. టేపు మీద అంకెలు చాలవేమోనని కూడా భయపడ్డారట. పన్నెండేళ్ళపాటు ఆ అంకెని చూడకుండా, దాన్ని మనసులో పెంచుకుంటూ పోయారు. నేను కూడా పక్కన కూర్చుని నవ్వాను. వంటింట్లోంచి గుమాస్తాగారు వచ్చి తలుపు తట్టి, ఏమైందని రెండుసార్లు అడిగారు. మేమిద్దరం ఇంకా గట్టిగా నవ్వాం.

ఆ జాకెట్టు నేనే కుట్టాను. చంక కింద అడ్డంగా చిన్న ముక్క వేసి, చెయ్యెత్తితే లాగకుండా చూశాను. ఆవిడ పక్కన కూర్చుని దారం పోగు కూడా ముట్టుకోలేదు. నాగాయలంక పెళ్ళికి నన్నూ తీసుకెళ్ళారు. మామిడి చిగురు రంగు చీరలో ఆవిడ మంటపంలోకి నడిచి వస్తుంటే, పందిట్లో ఎవరో, ఈ నిండైన మనిషి ఎవరని అడగడం నా చెవుల్తో విన్నాను. పీటల మీద కూర్చున్నారు. కుచ్చిళ్ళు ఒడినిండా పరుచుకున్నాయి. గుమాస్తాగారు పక్కన ఒద్దికగా ఇమిడిపోయారు. ధారపోసే వేళ ఆవిడ చెంబు పట్టుకున్న చెయ్యి ఎత్తుతుంటే నేను ఊపిరి బిగబట్టాను. ఏ చప్పుడూ రాలేదు, నీళ్ళు పడిన చప్పుడు తప్ప. ఆవిడ జనంలో నన్ను వెతికి పట్టుకుని, ఒక్క క్షణం చూసి, మళ్ళీ పురోహితుడి వైపు తిరిగారు. నాకు అంత హాయిగా ఊపిరి ఆడిన రోజు మళ్ళీ లేదు. బందరు తిరిగొచ్చాక ఆ బూడిద రంగు జాకెట్టుని మిషను తుడిచే గుడ్డ చేశారు.

ఆ తర్వాత నేను నలభై ఏళ్ళు కుట్టుపని చేసుకుని బతికాను. ఎంతమంది ఆడవాళ్ళకి టేపు చుట్టానో లెక్క లేదు. ఎవరి అంకెనీ వీధికి చెప్పలేదు. ఆది అబద్ధమాడిందని తెలిసినా, తెచ్చినవాళ్ళ మొహం మీద అనలేదు. టీచరుగారు పోయి ముప్ఫై ఏళ్ళు దాటింది.

గుడివాడ కొట్టునుంచి మామిడి చిగురు రంగు చీరే పట్టుకుని ఇంటికొచ్చాం. వాళ్ళిచ్చిన ముక్క పక్కన పెట్టి, దానికి కలిసే జాకెట్టు గుడ్డ వేరే కొన్నాం. సాయంత్రం మా మనవరాలు నా పాత టేపు తీసి నాకు చుట్టింది. చూసింది. నోరు మెదపకుండా రాసుకోబోయింది. పిల్లకి మర్యాద బాగానే వంటబట్టింది.

"పైకి చదవవే" అన్నాను.

"ఎందుకులే అమ్మమ్మా."

"నాది నేను వినాలి. చదువు."

"నలభై ఎనిమిది" అంది, నన్ను నొప్పించానేమో అన్నట్టు నా మొహంలోకి చూస్తూ.

టీచరుగారిని రెండంగుళాలు దాటేశాను. రెండు చేతులూ ఇంకా గాల్లోనే ఉన్నాయి.

"అంతేనా?" అన్నాను.